మూడూ మూడూ ఆరు ఎందుకు కాలేదు?

గుణుపురం సంతలో సోలార్ బ్యాటరీ పెట్టుకొని ఫోన్లు చార్జింగ్ చేసే కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. 12 వోల్టుల నుంచి 5 వోల్టులు తీయడానికి ఎల్ఎం2596 చిప్పు ఉన్న బక్ మాడ్యూళ్లు (వోల్టేజి తగ్గించే చిన్న బోర్డులు) రెండు కొన్నాడు. ఒక్కోటి 3 ఆంపియర్లది. అవుట్‌పుట్లు రెండూ కలిపేశాడు. "మూడూ మూడూ ఆరు కదండీ? ఐదు ఆంపియర్లకే ఒకటి చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది, రెండోది చల్లగా ఉంటోంది. ఎడం పక్క అచ్చిరాలేదంటున్నారు" అన్నాడు. రెండింటి చోట్లూ మార్చి చూడమన్నాను. వేడి ఆ మాడ్యూల్‌తోపాటే కుడి పక్కకి వెళ్లింది. చోటుకి ఏ దోషమూ లేదు.

బక్ కన్వర్టర్ ఎలా పనిచేస్తుందో ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఇక్కడ కావలసింది ఒక్కటే: మాడ్యూల్‌లోని రెగ్యులేటర్ చిప్పు చూసుకొనేది వోల్టేజిని. తన వంతు కరెంటు ఎంతో దానికి తెలియదు.

అమ్మవారి పల్లకీ బొంగుకి ముందు వైపు ఇద్దరు బోయీలు భుజం పట్టారనుకోండి. ఒకడు వేలెడంత పొడుగు. బొంగు అతని భుజం మీదే ఆనుతుంది, పొట్టివాడి భుజానికి తగలనే తగలదు. ఎత్తు వోల్టేజి, బరువు కరెంటు. ఒక మాడ్యూల్ 5.05 వోల్టులకి, మరొకటి 4.95కి ఉంటే మొత్తం కరెంటు మొదటిదే మోస్తుంది. రెండోది "వోల్టేజి సరిపడా ఉందిగా" అని ఊరుకుంటుంది. మొదటిది తన కరెంటు హద్దు తాకి కుంగితేనో, వేడెక్కి ఆగిపోతేనో దీనికి పని పడుతుంది. హద్దు మామూలుగా 4.5 ఆంపియర్ల దగ్గర ఉంటుంది, ఆ చిన్న బోర్డు అంత వేడి తట్టుకోలేదు.

వేర్వేరు విలువల ఆదర్శ వోల్టేజి సోర్సులను (ఎంత కరెంటు లాగినా వోల్టేజి మారనివాటిని) సమాంతరంగా కలపకూడదని మన పిల్లలు పరీక్షకి బట్టీ పడతారు. ఆ వాక్యానికి అర్థం బల్ల మీద ఇలా కాలిపోతున్న చిప్పేనని చెప్పేవాళ్లుంటే ఎంత బాగుండును!

బోయీలు భుజాన తుండు చుట్టుకుంటారు. బరువు పడితే అది నొక్కుకుపోతుంది, పొడుగువాడు కాస్త దిగుతాడు, పొట్టివాడి భుజానికీ బొంగు అందుతుంది. ఇక్కడ ఆ తుండు పని చేసేది ఒక్కో అవుట్‌పుట్‌కి వరుసలో పెట్టిన చిన్న రెసిస్టర్. 0.1 ఓమ్ పెడితే కరెంటుల తేడా 0.1 వోల్టు బై 0.1 ఓమ్, అంటే 1 ఆంపియర్. ఐదులో ఒకటి 3, మరొకటి 2 మోస్తాయి. ఖర్చూ ఉంది: వోల్టేజి 4.75కి దిగుతుంది, మొదటి రెసిస్టర్‌లో 0.9 వాట్లు వేడిగా పోతాయి. ముందే మాడ్యూల్ మీద వోల్టేజి సర్దే ప్రీసెట్ స్క్రూ తిప్పి తేడాని 0.02 వోల్టుకి తెస్తే అదే రెసిస్టర్‌తో 2.6, 2.4 వస్తాయి. తుండు మందం పెంచేకంటే ఎత్తులు సరిచేయడమే మేలు.

కరెంటుని ఒకే వైపు వెళ్లనిచ్చే డయోడ్ బదులు, రెండు వైపులా వెళ్లనిచ్చే రెండో మాస్‌ఫెట్ (ట్రాన్సిస్టర్ స్విచ్) వాడే సింక్రనస్ రకాల్లో ఇంకో ప్రమాదం ఉంది. అవి కరెంటుని వెనక్కీ లాగగలవు. పొట్టివాడు బొంగు పట్టుకొని కిందికి గుంజినట్టు, ఫోన్ ఒక్కటీ పెట్టకపోయినా రెండింటి మధ్యా కరెంటు తిరుగుతుంది.

కంప్యూటర్ మదర్‌బోర్డులో ప్రాసెసర్ చుట్టూ వరుసగా ఉండే కాయిల్స్ చూడండి. సుమారు 1 వోల్టు దగ్గర వంద ఆంపియర్లు దాటే కరెంటుని అవన్నీ కలిసి మోస్తాయి. అక్కడ కంట్రోలర్ ఒక్కటే. ఒక్కో ఫేజ్ (ఒక్కో కాయిల్, దాని స్విచ్చులు) కరెంటునీ కొలిచి పంచుతుంది, అడుగులూ అదే వేయిస్తుంది. ఒకడు లేచేటప్పుడు ఇంకొకడు దిగితే పల్లకీ ఊగదు. రెండు ఫేజులు 180 డిగ్రీల తేడాతో, 50 శాతం డ్యూటీలో (స్విచ్ సగం సేపు ఆన్‌లో ఉండేలా) నడిస్తే రిపుల్, అంటే కరెంటులోని ఊగు, లెక్క ప్రకారం పూర్తిగా రద్దవుతుంది. నాకు ఈ రంగంలో ఇంతకంటే అందమైన విషయం లేదు. విడివిడి మాడ్యూళ్లకి ఆ తాళం ఉండదు. ఒకటి 150 కిలోహెర్ట్జ్‌లో, ఇంకొకటి 152లో నడిస్తే తేడా 2 కిలోహెర్ట్జ్, అది చెవికి అందే స్థాయి. అలాంటప్పుడు సన్నగా కూత వినిపించవచ్చు.

ఇంతకీ ఆ కుర్రాడికి చెప్పింది: మీవి నాలుగు యూఎస్‌బీ సాకెట్లు. ఏ ఫోనూ ఐదు ఆంపియర్లు అడగడం లేదు. ప్లస్ తీగలు విడదీసి ఒక్కో మాడ్యూల్‌కి రెండేసి సాకెట్లు ఇవ్వండి, నెగటివ్ మాత్రం కలిపే ఉంచండి.