లింకన్ గారి తోడల్లుడు

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో అమెరికా అధ్యక్షుడు లింకన్ భార్య మేరీ టాడ్ లింకన్ పెరిగిన ఇల్లు చూసి వచ్చామనీ, ఆమె సొంతవాళ్ళే లింకన్ సైన్యానికి ఎదురు నిలిచి పోరాడారంటే నమ్మలేకపోయామనీ మీరు రాశారు. ఫోన్‌లో సగమే చెప్పగలను కనుక ఉత్తరం రాస్తున్నాను.

1861లో అమెరికా ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య మొదలైన ఆ అంతర్యుద్ధానికి మూలం బానిసత్వం. కెంటకీలో బానిసత్వం ఉన్నా ఆ రాష్ట్రం యూనియన్‌ను, అంటే లింకన్ ప్రభుత్వం వైపు నిలిచిన రాష్ట్రాల కూటమిని, వదలలేదు. అందుచేత అక్కడ చీలిక ఇళ్ళలోపలే వచ్చింది. టాడ్ కుటుంబానికి కూడా బానిసలు ఉండేవారు. మీరు చూసిన ఆ ఇంట్లో పొయ్యి వెలిగించినవారు స్వేచ్ఛ లేని మనుషులు. యుద్ధం రాకముందే అలాంటివారి కుటుంబాలను వేలంలో విడదీసి అమ్మేవారు. టాడ్‌ల దుఃఖం చదివేటప్పుడు వారినీ తలచుకోండి.

మేరీ సవతి చెల్లెలు ఎమిలీ భర్త బెంజమిన్ హార్డిన్ హెల్మ్, అంటే మన వరసలో లింకన్‌కు తోడల్లుడు. యుద్ధారంభంలో లింకన్ ఆయనకు మేజర్ హోదాతో, సైనికుల జీతాల పంపిణీ చూసే ఉద్యోగం ఇవ్వజూపారు. హెల్మ్ దాన్ని వద్దనుకుని దక్షిణ సైన్యంలో చేరి, 1863 సెప్టెంబరులో చికమాగా యుద్ధంలో గాయపడి మరణించారు. అంతకుముందు ఏడాదే దక్షిణం వైపు పోరాడుతూ మేరీ సవతి తమ్ముళ్ళు శామ్యూల్ షైలో యుద్ధంలో, అలెగ్జాండర్ బేటన్ రూజ్ యుద్ధంలో పోయారు. అదే ఏడు 11 ఏళ్ళ కొడుకు విల్లీ జ్వరంతో కన్నుమూశాడు. కొడుకు కోసం నల్లబట్టలు కట్టిన ఆ తల్లి, తమ్ముళ్ళ కోసం నలుగురిలో కన్నీరు పెట్టుకోలేకపోయింది. ఉత్తరాదివారు ఆమెను గూఢచారి అని అనుమానించారు, దక్షిణాదివారు ద్రోహి అన్నారు.

భర్త పోయాక ఎమిలీ పుట్టింటికి బయలుదేరితే, యూనియన్‌కు విధేయత ప్రమాణం చేయనన్నందుకు సైన్యం ఆమెను ఆపింది. లింకన్ ఆమెను తన దగ్గరకే పంపమన్నారు. వైట్ హౌస్‌లో ఒకనాడు ఆమె కూతురు క్యాథరిన్, లింకన్ కొడుకు ట్యాడ్ ఫొటోలు చూస్తూ తగువులాడుకున్నారని ఆ కుటుంబం చెప్పుకునేది. మా నాన్నే ప్రెసిడెంటని వాడు, కాదు జెఫర్సన్ డేవిస్ (దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడు) అని ఆ పిల్ల. లింకన్ ఇద్దరినీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నీ ప్రెసిడెంటు ఎవరో నీకు తెలుసు కదా, ఈ పాపకు మాత్రం నేను పెదనాన్ననే అన్న అర్థం వచ్చేలా కొడుక్కి నచ్చజెప్పారట.

అయితే 1864లో పత్తి అమ్ముకోవడానికి అనుమతి కావాలని వచ్చిన ఎమిలీకి, ప్రమాణం చేయనిదే ఇవ్వలేనని ఆయనే చెప్పారు. మమ్మల్ని ఈ స్థితికి తెచ్చింది మీ తూటాలేనని ఆమె అక్టోబరులో ఆయనకు ఉత్తరం రాసింది. లింకన్ చేసింది న్యాయమేనని నా నమ్మకం. అయినా ఆ మాట ఎన్నిసార్లు చదివినా ఎమిలీ మీద నాకు కోపం రాదు.

మీ తాతయ్య