వేపమండ, ముళ్లకంప

చిరంజీవులకు,

జపాన్‌లో జలుబు చేసినవాళ్లు మాస్కు పెట్టుకుని బయటికి వస్తారట, మనమెందుకు పెట్టుకోమని మొన్న చిన్నది ఫోనులో అడిగింది. లైను బాగాలేక మాట తెగిపోయింది. అందుకే ఈ ఉత్తరం.

జపాన్‌వాళ్లు ఎక్కువగా పక్కవాళ్లకు అంటకూడదని పెట్టుకుంటారు. హాంకాంగ్ సంగతి వేరు. 2003లో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటురోగం అక్కడ 299 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ భయం మరవని జనం కరోనా వచ్చినప్పుడు 2020 మొదట్లోనే మాస్కులు కట్టుకున్నారు. రద్దీ చోట్ల అందరూ వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది ఆ ఏడాది జూన్‌లో.

మనకూ ఒక పద్ధతి ఉండేది. నా ఆరో ఏట తమ్ముడికి అమ్మవారు పోసింది, అంటే మశూచి. అమ్మ గుమ్మానికి వేపమండ కట్టింది. అది కనబడితే చాలు, ఎవరైనా వాకిట్లోనే నిలబడి మాట్లాడి వెళ్లేవారు. వాడి చాప తొక్కవద్దని మాకు గట్టి ఆజ్ఞ. అమ్మ మాత్రం పక్కనే కూర్చుని, వాడు గీరుకోకుండా వేపరెమ్మతో మెల్లగా నిమిరేది. వాడి బుగ్గల మీద ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. వేపాకు మశూచిని చంపలేదు, పిల్లలూ. దాన్ని తరిమింది టీకా. మన దేశంలో చివరి కేసు 1975లో. కానీ ఆ మండ రోగిని వేరుగా ఉంచింది, వెలివేయలేదు.

2020లో మనం ఆ తేడా మరిచాం. లాక్‌డౌన్ పడగానే ముంబైకి కూలికి పోయిన పాలమూరు జనం నడిచి వస్తున్నారని తెలిసి, మక్తల్ వైపు నుంచి మన ఊరికొచ్చే బాటకు కుర్రాళ్లు ముళ్లకంప అడ్డం వేశారు. ఊరి బిడ్డలకే ఊరు మూసేశారు. కంప ఇవతల నేనూ ఉన్నాను. ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అది నన్ను బాధిస్తుంది.

సాయంత్రం ఒక ముసలితల్లి వచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కంప అవతలి బండరాయి మీద జొన్నరొట్టెల మూట పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి జరిగింది. కొడుకు వచ్చి తీసుకున్నాడు. ఇద్దరూ అంత దూరం నుంచే చాలాసేపు మాట్లాడుకున్నారు. అతను 14 రోజులు తమ చేను దగ్గరి మోటారు కొట్టంలో ఉన్నాడు.

మరునాడు ఆ రాయి మీద మూడు ఇళ్ల సద్దిగిన్నెలు కనిపించాయి. వాటిలో ఒకటి మీ నానమ్మది.

మీ తాతయ్య