97-3 నుంచి 5-4 దాకా: అమెరికా మత స్వేచ్ఛ చట్టం నడిచిన దారి

అమెరికాలో ఇప్పుడు ఎవరైనా ‘మత స్వేచ్ఛ’ అనగానే, వినేవాళ్లు ముందు ఆ మనిషిది ఏ పార్టీ అని చూస్తున్నారు. ముప్పై ఏళ్ల కిందట ఇలా ఉండేది కాదు.

1980లలో ఒరెగాన్ రాష్ట్రంలో ఆల్ఫ్రెడ్ స్మిత్ అనే క్లామత్ ఆదివాసి ఉండేవారు. తాగుడు నుంచి తాను బయటపడి, వ్యసనపరులకు దారి చూపే ఉద్యోగం చేసేవారు. నేటివ్ అమెరికన్ చర్చి పూజలో ప్రసాదంలా పంచే పెయోటీ అనే ముళ్లు లేని చిన్న కాక్టస్‌ను తిన్నందుకు ఆ ఉద్యోగం పోయింది. అది మత్తు కలిగిస్తుందని రాష్ట్ర చట్టం నిషేధించింది. నిరుద్యోగ భృతి కూడా ఇవ్వబోమంది రాష్ట్రం. మత నమ్మకంతో శనివారం పని చేయనన్న అడ్వెంటిస్టు క్రైస్తవ మిల్లు కార్మికురాలికి ఇదే భృతి ఇవ్వాలని 1963లో చెప్పిన సుప్రీంకోర్టు, 1990లో స్మిత్‌కు మాత్రం లేదంది. అందరికీ ఒకేలా వర్తించే చట్టం నుంచి మతం పేరుతో మినహాయింపు కోరే హక్కు ఉండదని జస్టిస్ స్కాలియా రాశారు. మినహాయింపుల సంగతి చట్టసభలకు వదిలేస్తే కొద్దిమంది పాటించే ఆచారాలు నష్టపోవచ్చని ఒప్పుకుంటూనే, ప్రజాస్వామ్యంలో అది తప్పదన్నారు. ఆ తీర్పులో నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ మాటే.

దేశం కూడా ఊరుకోలేదు. సెనేటర్లు డెమొక్రాట్ టెడ్ కెనెడీ, రిపబ్లికన్ ఓరిన్ హ్యాచ్ చేతులు కలిపారు. పౌర హక్కుల సంస్థ ఏసీఎల్‌యూ, ఎవాంజెలికల్ క్రైస్తవ సంఘాలు ఒకే వైపు నిలిచాయి. బలమైన కారణం లేకుండా ప్రభుత్వం మతాచారానికి అడ్డుపడకూడదనే మత స్వేచ్ఛ పునరుద్ధరణ బిల్లుకు సెనేట్‌లో 97 మంది అనుకూలం, ముగ్గురే వ్యతిరేకం. 1993 నవంబర్ 16న క్లింటన్ సంతకం చేశారు.

1997లో ఆ చట్టం రాష్ట్రాలకు వర్తించదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ లోటు పూడ్చే కొత్త బిల్లు దగ్గరే స్నేహం చెడింది. పెళ్లి కాని జంటకు ఇల్లు అద్దెకివ్వడం తన మతానికి విరుద్ధమని యజమాని అంటే ఎలా? పౌర హక్కుల సంఘాలకు ఈ ప్రశ్న మింగుడుపడలేదు. 1999లో ప్రతినిధుల సభ దాటిన బిల్లు సెనేట్‌లో ఆగిపోయింది. 2000లో ప్రార్థనా స్థలాల నిర్మాణానికీ ఖైదీలకూ పరిమితమైన చట్టం మాత్రం వచ్చింది. ఆలయానికి స్థానిక అధికారులు అనుమతి నిరాకరిస్తే ఆశ్రయించగల చట్టం కాబట్టి, అక్కడి తెలుగువారికీ ఇది సంబంధం లేని విషయం కాదు.

చీలిక మొదలైంది అక్కడే అని నా అభిప్రాయం. తన ఆచారం తాను పాటించుకునే మనిషిని కాపాడటం ఒకటి, ఆ ఆచారం భారం మరొకరి మీద పడటం మరొకటి. 2014లో హాబీ లాబీ దుకాణాల యజమానులు ఉద్యోగినుల బీమాలో కొన్ని గర్భనిరోధక సాధనాలకు డబ్బు కట్టడం తమ మతానికి విరుద్ధమన్నప్పుడు, 1993 చట్టం ప్రకారమే సుప్రీంకోర్టులో 5-4తో గెలిచారు. వాళ్ల వైపు నిలిచిన అయిదుగురు జడ్జీలనూ నియమించింది రిపబ్లికన్ అధ్యక్షులు, ఎదురు నిలిచిన నలుగురినీ నియమించింది డెమొక్రాట్లు. 2015లో ఇండియానా గవర్నర్ మైక్ పెన్స్ అలాంటి రాష్ట్ర చట్టంపై సంతకం చేస్తే, అది స్వలింగ సంపర్కులపై వివక్షకు దారి తీస్తుందని దేశమంతా నిరసనలు రేగాయి. వారం తిరిగేసరికి దాన్ని సవరించారు.

అదే ఏడాది యూటా రాష్ట్రం మరో దారి పట్టింది. ఉద్యోగాల్లో, ఇళ్ల అద్దెల్లో స్వలింగ సంపర్కులకు రక్షణ, మత సంస్థలకు మినహాయింపు ఒకే చట్టంలో పెట్టింది. మార్మన్ చర్చి మద్దతిచ్చింది. స్వలింగ వివాహాలకు గుర్తింపునిస్తూ 2022 డిసెంబర్‌లో వచ్చిన వివాహ గౌరవ చట్టం కూడా ఇదే పద్ధతిలో రాసుకున్నది. సెనేట్‌లో దానికి 12 మంది రిపబ్లికన్లు ఓటేశారు.