మన్యం జ్వరం కొండ దిగి వస్తే

పాడేరు, చింతపల్లి కొండల్లోకి వెళ్లొచ్చినవాళ్లు చలిజ్వరంతో మంచమెక్కితే విశాఖలో పాతకాలంవాళ్లు ‘మన్యం నీళ్లు పడలేదు’ అనేవారు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాక నేరం దోమ మీదికి మారింది. నీళ్లు పూర్తిగా నిర్దోషులేమీ కావు: కొండవాగుల తేట నీటిలోనే మలేరియాను మోసే అక్కడి అనాఫిలిస్ దోమ పెరుగుతుంది.

1953లో దేశమంతటా మలేరియా అదుపు కార్యక్రమం మొదలైంది. ఏటా ఏడున్నర కోట్లుండే కేసులు డీడీటీ అనే దోమల మందు దెబ్బకు 1965 నాటికి లక్షకు దిగాయి. ఇక పోయినట్టేననుకుంటే 1976లో 64 లక్షలు! మళ్లీ తగ్గించడానికి దశాబ్దాలు పట్టింది. మైదానంలో తగ్గినంతగా ఏజెన్సీలో, అంటే ఈ మన్యంలో, తగ్గలేదు. 2022లో పాడేరు కాగితం మీద విశాఖ నుంచి విడిపోయి వేరే జిల్లాలోకి వెళ్లింది గానీ, ఘాట్ దిగి విశాఖకు వచ్చే బస్సు అదే.

నగరంలో కేసులు తగ్గేకొద్దీ డాక్టర్ల తలపులోంచీ మలేరియా జారిపోయింది. పిల్లల్లో రోజు విడిచి రోజు చలి, వేడి, చెమట వరసగా రావాలనేముంది? వాంతులు, విరేచనాలు, దగ్గుతోనూ రావచ్చు. ప్లేట్‌లెట్లు పడిపోగానే డెంగీ ఖాతాలో రాసేస్తారు. బిడ్డ పాలిపోయి, ఎడమ పక్కటెముకల కింద ప్లీహం చేతికి తగిలితే ఆగి ఆలోచించాలి.

‘ఎక్కడికైనా ప్రయాణం చేశారా?’ అంటే ‘లేదండీ’ అంటారు. అమ్మమ్మగారి ఊరు మనకు ప్రయాణం కాదు. ‘ఈ ఏడాదిలో రాత్రిళ్లు ఎక్కడెక్కడ పడుకున్నాడు?’ అనడగాలి. ఆశ్రమ హాస్టల్, అరకు పక్క పల్లె, ఒడిశాలోని కోరాపుట్ నుంచి వచ్చిన ఇటుక బట్టీ కుటుంబం, అప్పుడు బయటపడతాయి. వెళ్లి వారం కూడా కాకుండా వచ్చిన జ్వరం సాధారణంగా ఆ ప్రయాణపు మలేరియా కాదు. మలేరియాలో ప్రమాదకరమైన రకం ఫాల్సిపారం ఎక్కువగా నెలలోపే బయటపడుతుంది. ఇంకో రకం వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి, వేసవి సెలవుల కాటుకు సంక్రాంతికి జ్వరం తేగలదు.

వేలి నుంచి చుక్క రక్తంతో చేసే ర్యాపిడ్ కిట్ పావుగంటలో చెబుతుంది. నెగెటివ్ వచ్చినా అనుమానం తీరకపోతే 12–24 గంటలకోసారి, మూడుసార్ల దాకా గాజుపలక మీది రక్తపు పూతను మైక్రోస్కోపులో చూడాలి. ఊళ్లో ఎవరో ఇచ్చిన అరకొర మాత్రలు క్రిమిని దాచేస్తాయి.

మగత, ఫిట్స్, ఆగని వాంతులుంటే నరంలోకి ఆర్టిసునేట్ అనే మలేరియా మందు ఇవ్వాలి: 20 కిలోలలోపు బిడ్డకు కిలోకు 3 మిల్లీగ్రాములు, ఆ పైన 2.4, మొదట ఒక డోసు, తర్వాత 12, 24 గంటలకు. రక్తంలో చక్కెరా చూడాలి. ‘లంఖణం పరమౌషధం’ ఇక్కడ ప్రమాదం, ఫాల్సిపారంలో చక్కెర అసలే పడిపోతుంది.

వైవాక్స్‌కు మూడు రోజుల క్లోరోక్విన్‌తో జ్వరం తగ్గగానే కాలేయంలో నిద్రపోయే క్రిమిని చంపే 14 రోజుల ప్రైమాక్విన్ అటకెక్కుతుంది. జ్వరం తిరగబెట్టేది అందుకే. ఏడాదిలోపు బిడ్డకు ప్రైమాక్విన్ వేయకూడదు. వేసుకుంటుండగా మూత్రం డికాక్షన్ రంగుకు మారితే ఆపి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.