లైట్‌రూమ్‌లో ఫొటోలు ఉండవు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరులో మాది పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ పని. కావలి, ఆత్మకూరు, బుచ్చి నుంచి ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు పట్టుకొస్తుంటారు. వాళ్లు ఫొటోలు సర్దుకుని ఎడిట్ చేసుకునేది అడోబ్ కంపెనీ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో. ముహూర్తాల సీజను ముగిసిందంటే ఎవరో ఒకరు మొహం వేలాడేసుకుని వచ్చి ఇదే మాట చెప్తారు: "అన్నా, ఫొటోలన్నిటి మీదా ఆశ్చర్యార్థకం గుర్తు వస్తా ఉండాది. స్పేస్ చాలక పెళ్లి ఫోల్డరు డిలీట్ చేశా. లైట్‌రూమ్‌లో ఉండాయి గదా అని."

లేవు నాయనా. ఎప్పుడూ లేవు. 2007లో మొదటి వెర్షన్ వచ్చినప్పటి నుంచీ ఇంతే. ఇంపోర్ట్‌లో 'యాడ్' కొడితే ఫొటో ఉన్నచోటే ఉంటుంది, 'కాపీ' కొడితే మీరు చూపించిన ఫోల్డరులోకి పోతుంది. ఎట్లయినా డిస్కులోనే. కేటలాగ్ అనే లైట్‌రూమ్ చిట్టాలో ఉండేవి ఫొటో అడ్రసు, మీరిచ్చిన స్టార్లు, కీవర్డులు, ఎడిటింగులో జరిపిన స్లైడర్లు. పాసుపుస్తకం బీరువాలో ఉంటే పొలం బీరువాలో ఉన్నట్టా?

"క్లోజ్ చేసేటప్పుడు బ్యాకప్ అడిగితే ప్రతిసారీ కొడతానే ఉండా గదన్నా" అంటారు తర్వాత. ఎక్కువమందిని ముంచేది ఇదే. ఆ జిప్ ఫైల్లో ఉండేదీ కేటలాగే, ఒక్క ఫొటో కూడా ఉండదు. పెళ్లి రా ఫైళ్లు (కెమెరా తీసిన అసలు ఫైళ్లు) వంద జీబీ దాటుతుంటే ఇంత చిన్న జిప్‌లో ఎట్లా పట్టాయని సైజు చూసైనా అనుమానం రావాలి. పైగా మనం మార్చకపోతే అది పడేది కేటలాగ్ పక్కనే, అదే డిస్కులో.

గందరగోళానికి కారణం లేకపోలేదు. 2017లో అడోబ్ ఇంకో లైట్‌రూమ్ తెచ్చి, పాతదానికి క్లాసిక్ అని పేరు పెట్టింది. ఆ కొత్తది ఒరిజినల్స్‌ని క్లౌడ్‌కి ఎక్కిస్తుంది. మన స్టూడియోల్లో వాడే క్లాసిక్ ఎక్కించదు. సింక్ పెట్టినా వెళ్లేవి స్మార్ట్ ప్రివ్యూలే, అంటే ఫొటోల చిన్న నకళ్లే.

ఆ స్మార్ట్ ప్రివ్యూలే ఒకసారి ఒక కుర్రాణ్ణి సగం కాపాడాయి. ఇంపోర్ట్ చేసేటప్పుడు ఆ టిక్ పెట్టుకున్నాడు కాబట్టి, ఒరిజినల్స్ పోయినా 2560 పిక్సెళ్ల ఫొటోలు ఎక్స్‌పోర్ట్ అయ్యాయి. ఎనిమిదంగుళాల ప్రింటుకి చక్కగా సరిపోతాయి. 12×36 అంగుళాల ఆల్బమ్ షీటు నిండా పరిస్తే మొహాలు మెత్తబడిపోతాయి. షీటుకి ఆరేడు చిన్న ఫొటోలు సర్ది ఆల్బమ్ నడిపించాం. తలంబ్రాల ఫొటో నిండు షీటుకి కావాలని పెళ్లికూతురి నాన్న పట్టుబట్టాడు. ఆయనకి పిక్సెళ్ల లెక్క ఏం చెప్తాం?

ఫొటో దొరకట్లేదని చెప్పే ఆ ఆశ్చర్యార్థకం గుర్తు కనబడగానే కంగారు పడొద్దు. చాలాసార్లు ఫొటోలు పోయి ఉండవు. విండోస్‌లో ఫోల్డరు పేరు మార్చి ఉంటారు, లేదా 'ఇ' డ్రైవు కాస్తా 'ఎఫ్' అయి ఉంటుంది. ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి 'ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్' కొట్టి చోటు చూపించండి. 'రిమూవ్' కొట్టి మళ్లీ ఇంపోర్ట్ చేశారో, ఎడిటింగంతా గాల్లో కలుస్తుంది. నిజంగానే డిలీట్ చేసి ఉంటే ఆ డిస్కులో ఇంకేమీ కాపీ చేయకుండా రికవరీకి తీసుకెళ్లండి.

రెండు డిస్కుల్లో పెట్టాం, భయం లేదంటారు కొందరు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు ఒకాయనకి రెండూ ఒకే బీరువాలో, కింది అరలో ఉన్నాయి. రెండో డిస్కు వేరే ఇంట్లో ఉండాలి, అత్తగారిల్లయినా సరే. తడిసిన డిస్కుని పనిచేస్తుందేమోనని మాత్రం కరెంటుకి తగిలించొద్దు.

మిగతావి గబగబా చెప్తా. బ్యాకప్ ఆన్‌లో ఉన్న ఫోన్లో గూగుల్ ఫొటోస్ యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, 60 రోజుల్లోపు ట్రాష్‌లోంచి తీసుకోవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నలుగుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. జేపెగ్ తెరిచి చూస్తే అరగదు, మళ్లీ మళ్లీ సేవ్ చేస్తేనే. సబ్‌స్క్రిప్షన్ అయిపోతే అడోబ్ ఫొటోలు లాక్కుంటుందని గ్రూపుల్లో తిరిగేది ఒట్టి పుకారు. క్లాసిక్‌లో ఎడిటింగ్ చేసే డెవలప్ భాగం మూతపడుతుంది గానీ చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్టూ చేసుకోవచ్చు.

ఇక కెమెరా మెమరీ కార్డు ఎప్పుడు ఫార్మాట్ చేయాలంటారా? రెండో డిస్కులో కాపీ పడి, అందులోంచి నాలుగు రా ఫైళ్లు తెరిచి చూశాక. మర్నాడే ఇంకో పెళ్లి ఉంటే ఇంకో కార్డు కొనుక్కోండి.