ఆడవాళ్ల తలలు లెక్కపెట్టిన చట్టం

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో బిడ్డ పుట్టగానే వచ్చే ప్రశ్న ఒకటే: ఎవరు చూసుకుంటారు? ఆర్నెల్లు వాళ్లమ్మ, ఆర్నెల్లు వీళ్లమ్మ. ఆ తర్వాత డేకేర్, దాని ఫీజు టెన్షన్. ఈ ఖర్చు తల్లిదండ్రుల నెత్తినే ఎందుకు పడిందో తెలియాలంటే 1948 దాకా వెళ్లాలి.

ఆ ఏడాది వచ్చిన ఫ్యాక్టరీల చట్టం, 50 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు ఒక గది, చూసుకోవడానికి శిక్షణ ఉన్న ఆడమనిషి ఉండాలంది. ఖర్చు యజమానిది. 1976లో ఆ 50ని 30కి దించారు. ఉద్దేశం మంచిదే, లెక్కే తప్పు. పిల్లలకు తండ్రి లేనట్టు ఆడవాళ్లనే లెక్కపెట్టారు. అప్పటికే 30 మంది ఆడవాళ్లున్న చోట ఇంకో ఆడామెను తీసుకుంటే గది కట్టాలి, ఆయాను పెట్టాలి. మగవాణ్ని తీసుకుంటే పైసా ఖర్చు లేదు. యజమాని ఎటు మొగ్గుతాడో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

1966 బీడీ కార్మికుల చట్టంలోనూ ఆ 50 మంది ఆడవాళ్ల లెక్కే. కానీ నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు ఎక్కువగా చుట్టేది కార్ఖానాలో కాదు, ఇంట్లో. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆ దుమ్ములోనే పక్కన పిల్ల. ఒకే కప్పు కింద 50 మంది అనే లెక్కలోకి ఆ తల్లి ఎలా వస్తుంది?

కట్టడం పనుల దగ్గరా అంతే. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్‌లో గాంధీ శతజయంతి ప్రదర్శనకు పనులు జరుగుతుంటే కూలీల పిల్లలు దుమ్ములో, ఎండలో పడి ఉన్నారు. అది చూసిన మీరా మహదేవన్ అక్కడే ఒక డేరా వేయించి పిల్లల్ని చేర్చారు. మొబైల్ క్రెషెస్ సంస్థ అలా పుట్టింది. క్రెష్ అంటే పనికెళ్లే తల్లుల పిల్లల్ని చూసుకునే చోటు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగన్‌వాడీలు పోషణ కోసం, టీకాల కోసం పుట్టినవి. తల్లి పని దిగి వచ్చేదాకా చంటిబిడ్డను ఉంచుకోవడం వాటి పని కాదు.

నాకు నచ్చేది 2005 ఉపాధి హామీ చట్టంలోని ఒక చిన్న నిబంధన. పని దగ్గరికి ఐదుగురు చిన్నపిల్లలు వస్తే, ఆ కూలీల్లోనే ఒకామెను వాళ్లను చూసుకోవడానికి పెట్టాలని, ఆమెకూ అదే కూలి ఇవ్వాలని అందులో రాశారు. పిల్లల్ని చూడటం కూడా పనేనని ఒప్పుకున్నట్టే కదా!

2006లో కేంద్రం పెద్ద క్రెష్ పథకం తెచ్చింది. 2017 నాటి నియమాల ప్రకారం పేద కుటుంబం నెలకు కట్టాల్సింది బిడ్డకు 20 రూపాయలు, నెలకు 12 వేలకు మించి ఆదాయం ఉంటే 200. ఏ ప్రైవేటు డేకేరూ దరిదాపుల్లోకి రాలేని ధర. కానీ అంతకుముందు 90 శాతం భరించిన కేంద్రం తన వాటాను 60కి తగ్గించుకుని, 30 శాతం రాష్ట్రాలకు వదిలింది. వేల కేంద్రాలు మూతపడ్డాయి. 2022 నుంచి ఆ పథకం ‘పాల్నా’ (హిందీలో ఊయల) పేరుతో అంగన్‌వాడీలకు జతయింది. మీ అంగన్‌వాడీలో క్రెష్ ఉందేమో ఒకసారి అడిగి చూడండి.

2017లోనే ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, ఆడా మగా కలిపి 50 మంది ఉన్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. లెక్క సరిదిద్దడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. చేరేటప్పుడే ఈ హక్కులు ఉద్యోగినికి రాతపూర్వకంగా చెప్పాలని కూడా ఆ సవరణలో రాశారు. మీకు చెప్పకపోతే హెచ్‌ఆర్‌ను అడగండి.

పన్ను దగ్గర మాత్రం చిత్రమైన తేడా ఉంది. పాత పన్ను విధానంలో ప్లేస్కూలు ట్యూషన్ ఫీజుకు మినహాయింపు ఉంది, డేకేర్ ఫీజుకు లేదు. ఒకే భవనంలో పొద్దున ప్లేస్కూలు, మధ్యాహ్నం డేకేర్ నడిచే చోట తెలిసినవాళ్లు రెండు రసీదులు విడివిడిగా రాయించుకుంటారు.