బడి గేటు నుంచి 50 మీటర్లు: అంకె రాయని ఒక నిబంధన కథ

బడి గేటు నుంచి ఏ దిక్కున కొలిచినా 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండి అమ్మకూడదు, ఉచితంగా పంచకూడదు, దాని ప్రకటన బోర్డూ పెట్టకూడదు. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 సెప్టెంబరు 4న ఈ నిబంధన తెచ్చింది. 2021 జూలై 1 నుంచి ఇది అమల్లో ఉంది. ఉందని కాగితం చెబుతుంది గానీ, గేటు పక్క బడ్డీ కొట్టుకు తోరణాల్లా వేలాడే చిప్స్ ప్యాకెట్లు చూస్తే ఎవరూ నమ్మరు. కొట్టువాణ్ని తప్పుపట్టి లాభం లేదు. ‘ఎక్కువగా’ అంటే 100 గ్రాముల్లో ఎన్ని గ్రాములో ఆ నిబంధనలో లేదు. తనిఖీకి వచ్చిన అధికారి ఏ ప్యాకెట్‌ను దేని ఆధారంగా పక్కన పెట్టాలి?

ఇక్కడిదాకా ఎలా వచ్చామో తెలియాలంటే ముందు అంగన్‌వాడీ తూకం దగ్గరికి వెళ్లాలి. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు దేశం ముందున్న సమస్య ఆకలి. అందుకే పిల్లల ఎదుగుదల కార్డును ‘వయసుకు తగ్గ బరువు’ లెక్కతో తయారుచేశారు. బక్కచిక్కిన పిల్లల్ని పట్టుకోవడానికి అది మంచి సాధనమే, లావెక్కుతున్న పిల్లల్ని మాత్రం పట్టుకోలేదు. నాలుగేళ్ల మగపిల్లవాడు 100 సెం.మీ. ఎత్తు, 19 కిలోల బరువు ఉన్నాడనుకోండి. వయసుతో చూస్తే బరువు మామూలే, చుక్క ఆకుపచ్చ పట్టీలోనే పడుతుంది. అదే బరువును ఎత్తుతో పోలిస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం అధిక బరువు గీత దాటేశాడు. ఎత్తు కొలవని చోట ఈ పిల్లవాడు లెక్కలోకే రాడు.

లెక్కలోకి వచ్చినవాళ్ల సంఖ్యే పెరుగుతోంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015–16లో 2.1 శాతం, 2019–21లో 3.4 శాతం. ఈ రెండో సర్వేలోనే 35.5 శాతం పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆకలి పోకముందే ఊబకాయం వచ్చింది, ఒక్కోసారి ఒకే ఇంట్లోకి. అదే సర్వేలో పెద్దల సంగతి చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం మహిళలు, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువుతో ఉన్నారు. దేశ సగటు 24 శాతమే. బడి వయసు పిల్లల అంకెలు చదివేటప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. భారత శిశువైద్యుల అకాడమీ 2015 చార్టులు పెద్దల బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 23, 27లకు సమానమైన గీతలు వాడతాయి. అంతర్జాతీయ చార్టుల్లో కొన్నింటికి అవి 25, 30. ఒకే తరగతి పిల్లల్ని రెండు చార్టులతో కొలిస్తే రెండు వేర్వేరు శాతాలు వస్తాయి. పత్రికల్లో కనిపించే ‘రెట్టింపైంది’ కథనాల్లో కొన్ని ఈ తేడాలోంచే పుడతాయి.

బడి నిబంధనకు బీజం ఢిల్లీ హైకోర్టులో పడింది. ఉదయ్ ఫౌండేషన్ 2010లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం బడుల్లోనూ, వాటి చుట్టూ 500 గజాల్లోనూ జంక్ ఫుడ్, కూల్‌డ్రింకులు నిషేధించమని అడిగింది. విచారణ సాగుతుండగా నిపుణులు మార్గదర్శకాలు రాశారు. 2015 మార్చిలో తీర్పు వచ్చింది: వాటికి మూడు నెలల్లో నిబంధనల రూపం ఇవ్వాలని. పట్టింది అయిదేళ్ల పైచిలుకు. ఈలోగా దూరం కరిగిపోతూ వచ్చింది. అడిగింది 500 గజాలు. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ నియమించిన బృందం 2015లో సూచించింది 200 మీటర్లు. చివరికి మిగిలింది 50. పొగాకు చట్టం బడి చుట్టూ 100 గజాలు అంటుంది. సిగరెట్ అమ్మకూడనంత దూరంలో కూడా చిప్స్ అమ్ముకోవచ్చన్నమాట.

దూరం కంటే నిర్వచనం దగ్గరే ఎక్కువ చెడింది. తొలి మార్గదర్శకాలు పేర్లు పెట్టి మాట్లాడాయి: చిప్స్, వేపుళ్లు, తీపి కూల్‌డ్రింకులు, ఇన్‌స్టంట్ నూడుల్స్, మిఠాయిలు. పేర్లతో రాస్తే వచ్చే చిక్కు వెంటనే తెలిసింది. కాల్చిన చిప్స్ చిప్సా కాదా? సమోసా ఉంటే పునుగు ఎందుకు లేదు? ఆ వాదన పూర్తిగా తప్పు కాదు. దానికి సరైన జవాబు 100 గ్రాములకు ఇన్ని గ్రాములని పరిమితి రాయడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం 2017లోనే ఆహార వర్గాలవారీగా అలాంటి పరిమితుల పట్టిక ఇచ్చింది. మన నిబంధన పేర్లనూ పక్కన పెట్టింది, అంకెలనూ తీసుకోలేదు. 2022 జూన్‌లో వచ్చిన ప్రకటనల మార్గదర్శకాలదీ ఇదే దారి. పిల్లల కార్యక్రమాల మధ్య, పిల్లల చానళ్లలో ‘జంక్ ఫుడ్’ ప్రకటనలు వద్దన్నాయి. క్రికెట్ మ్యాచ్ పిల్లల కార్యక్రమం కాదు కదా.

ప్యాకెట్ ముందు హెచ్చరిక ముద్ర కథ ఇంకా పొడుగు. 2018 ముసాయిదాలో పరిమితి దాటిన ప్యాకెట్‌కు ముందువైపు ఎరుపు గడి ఉండాలన్నారు. కంపెనీలు అభ్యంతరం చెప్పాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మాజీ డైరెక్టర్ బి. శశికిరణ్ నేతృత్వంలో సమీక్ష సంఘం వేశారు. 2019లో మరో ముసాయిదా వచ్చింది. 2020 చివర్లో లేబుల్ నిబంధనలు ఖరారైతే అందులో ముందువైపు ముద్రే లేదు. వెనక పట్టిక మిగిలింది, అందులో ‘రోజువారీ అవసరంలో ఇంత శాతం’ అనే వరుసతో సహా.

ఆ వరుసను ఒకసారి దగ్గరగా చూడాలి. దాని లెక్క 2,000 కిలో కేలరీలు తినే పెద్దవాళ్లది: అదనపు చక్కెర 50 గ్రాములు, సంతృప్త కొవ్వు 22, సోడియం 2,000 మిల్లీగ్రాములు. కోలా తరహా కూల్‌డ్రింకులో 100 మి.లీ.కి సుమారు 10.6 గ్రాముల చక్కెర ఉంటుంది. 200 మి.లీ. తాగితే 21 గ్రాములు, అంటే పట్టికలో 42 శాతం. ‘సగం కూడా కాలేదుగా’ అనిపిస్తుంది. ఇప్పుడు రెండో తరగతి పిల్లకు చూడండి. ఏడు నుంచి తొమ్మిదేళ్ల వయసుకు రోజుకు దాదాపు 1,700 కిలో కేలరీలు చాలు. చక్కెర నుంచి వచ్చేది అందులో 5 శాతం మించకూడదనుకుంటే పరిమితి 21 గ్రాములే. ఆ ఒక్క చిన్న సీసాతో ఆ రోజు చక్కెర కోటా అయిపోయింది. టీలో, బిస్కెట్‌లో ఉండేది ఇంకా కలపలేదు. అందులోనూ ‘ఒక సర్వింగ్’ ఎంతో నిర్ణయించేది కంపెనీయే.

2022 సెప్టెంబరు ముసాయిదాలో ఎరుపు గడికి బదులు నక్షత్రాలొచ్చాయి, అర నుంచి అయిదు దాకా. తొలి నాలుగేళ్లు కంపెనీ ఇష్టం. చక్కెర, ఉప్పు, కొవ్వుకు పడే పాయింట్లలో పీచు, ప్రోటీన్, పప్పులు, చిరుధాన్యాల పేరిట కొంత తీసేస్తారు. కాస్త రాగిపిండి కలిపిన తీపి బిస్కెట్‌కు ఒక నక్షత్రం ఎక్కువ రావచ్చు, చక్కెర ఒక్క గ్రామూ తగ్గకుండానే. ముసాయిదాపై 14,000కు పైగా అభిప్రాయాలు వచ్చాయి. విషయం సుప్రీంకోర్టుకెక్కింది. లేబుల్ సంగతి తేల్చడానికి 2025 ఏప్రిల్‌లో మూడు నెలల గడువిచ్చిన కోర్టు, జూలైలో మరో మూడు నెలలు పొడిగించింది.

చిలీ ఇదే పనిని అంకెలతో చేసింది. అక్కడి చట్టం 2012లో ఆమోదం పొంది, 2016 జూన్‌లో అమలుకొచ్చింది. 100 గ్రాముల ఘనపదార్థంలో చక్కెర 22.5 గ్రాములు, సోడియం 800 మిల్లీగ్రాములు దాటితే నల్లటి ఎనిమిది మూలల ముద్ర. 2019 నాటికి ఆ పరిమితులను 10 గ్రాములకు, 400 మిల్లీగ్రాములకు దశలవారీగా బిగించారు. ముద్ర పడిందంటే బడిలో అమ్మకం లేదు, ప్యాకెట్ మీద కార్టూన్ బొమ్మ లేదు, పిల్లలకు ప్రకటన లేదు. ఒకే అంకె మూడు పనులు చేసింది. తొలి దశలోనే ముద్రపడ్డ తీపి పానీయాల కొనుగోళ్లు 24 శాతం దాకా తగ్గాయి.

పన్ను దారి మనమూ తొక్కాం. 2016లో కేరళ ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్ బ్రాండెడ్ రెస్టారెంట్ల పిజ్జా, బర్గర్లపై 14.5 శాతం ‘కొవ్వు పన్ను’ వేశారు. పక్క హోటల్లో పరోటాకు, వడకు అది తగల్లేదు. 2017 జూలైలో జీఎస్టీ రాగానే అది మాయమైంది. బ్రిటన్ 2018 ఏప్రిల్‌లో వేసింది వేరే రకం: 100 మి.లీ.లో 5 గ్రాముల లోపు చక్కెరకు పన్ను లేదు, 5 నుంచి 8 లోపు లీటరుకు 18 పెన్స్, 8 నుంచి పైన 24 పెన్స్. పన్ను మొదలయ్యేలోపే చాలా కంపెనీలు చక్కెరను 5 గ్రాముల కిందికి దించేశాయి. మన దగ్గర గ్యాస్ కలిపిన డ్రింకుపై 40 శాతం, చక్కెర ఉన్నా లేకపోయినా అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్యాస్ లేని పండ్లరసం డ్రింకు, నమ్‌కీన్, చాక్లెట్, బిస్కెట్, ఇన్‌స్టంట్ నూడుల్స్ 5 శాతంలోకి వచ్చాయి. అట్టపెట్టెలోని మామిడి డ్రింకులో చక్కెర తగ్గించి కంపెనీ బావుకునేదేమీ లేదు.

మనకూ అంకె రాయడం తెలియక కాదు. వనస్పతిలో ట్రాన్స్ ఫ్యాట్‌కు 2011లో 10 శాతం పరిమితి పెట్టారు. తర్వాత 5, 2021లో 3, 2022 జనవరికి 2 శాతం. ప్రయోగశాలలో కొలిచి చెప్పగలిగేది కాబట్టి వాదనకు చోటు తక్కువ. ముందే తేదీ చెప్పారు కాబట్టి కంపెనీలు తయారీ మార్చుకున్నాయి.

తాజాగా బడుల్లోకి వచ్చింది చక్కెర బోర్డు, అంటే ఏ తిండిలో ఎంత చక్కెర ఉందో పిల్లలకు చూపే బోర్డు. 2025 మేలో సీబీఎస్ఈ తన పాఠశాలలన్నీ దీన్ని పెట్టాలంది. ఆ సర్క్యులర్ లెక్కలో 4–10 ఏళ్ల పిల్లలకు కేలరీల్లో 13 శాతం చక్కెర నుంచే వస్తోంది, ఉండాల్సింది 5. జూలైలో సమోసా, జిలేబీలకూ హెచ్చరిక వస్తుందంటూ గోల రేగింది. వీధి తిండికి అలాంటి లేబులేమీ లేదని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. బోర్డు పనికిరావాలంటే ఇంటర్నెట్‌లో దొరికిన పోస్టరు అతికించకూడదు. ఆ గేటు ముందు నిజంగా అమ్ముడయ్యే అయిదారు ప్యాకెట్లు తెచ్చి, ‘100 గ్రాములకు’ అన్న అంకెను ప్యాకెట్ మొత్తం బరువుకు మార్చి, చెంచాకు 5 గ్రాముల చొప్పున రాయాలి. పక్కనే పెద్దవాళ్ల 50 కాదు, పిల్లల 21 గ్రాములు రాయాలి. బోర్డు గేటు లోపల ఉంటుంది, కొట్టు బయట.